అరచేతిలో ఇంజను, అందులో ఆముదం

పాలమూరు, నల్గొండ చెల్కల్లో ఒకప్పుడు ఆముదం లేని ఊరు అరుదు. వాన మీదే ఆధారపడ్డ ఎర్రనేలలో, పెట్టుబడి పెట్టలేని రైతుకు ఎంతోకొంత చేతికిచ్చిన పంట అది. ఇప్పుడు ఆ చెల్కల్లో చాలావరకు పత్తి వచ్చి కూర్చుంది. అయినా నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం పరిశోధన కేంద్రం ఇచ్చిన క్రాంతి, హరిత రకాల పేర్లు పాత రైతులకు ఇంకా గుర్తే. ఆ ఆముదానికి మనం ఊహించని చోట కూడా గిరాకీ ఉంది. ఇంటి షెడ్డులో లేత్ మిషన్ పెట్టుకుని బొటనవేలంత ఇంజన్లు చేసే హాబీ ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. ఆ ఇంజన్లు తాగేదాంట్లో ఈ గింజ నూనె వాటా చిన్నదేం కాదు. విమానం బొమ్మలకు బిగించే చాలా ఇంజన్ల ఇంధనంలో సుమారు ఐదో వంతు నూనె ఉంటుంది. ఆ నూనెగా ఏళ్ల తరబడి వాడింది ఆముదమే.

ఇనుముకు ఆముదం రాయడం మనకేం కొత్త కాదు. గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి బండి ఇరుసుకు కందెన పెట్టిన తరం ఇంకా ఊళ్లలో ఉంది. లోహాన్ని అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం. ఇందులోని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం అదే. ఆ అణువుకున్న ఒక కొస లోహాన్ని అంటిపెట్టుకుంటుంది. వేడెక్కినా ఆముదం లోహాన్ని ఒట్టిగా వదిలేయదు, పలచటి వార్నిష్ పొరలా మారి అక్కడే ఉండిపోతుంది.

ఆముదం తాగిన పైలట్లు

మొదటి ప్రపంచ యుద్ధంలో నోమ్, లె రోన్ అనే విమాన ఇంజన్లకు ఒక వింత అలవాటు ఉండేది. క్రాంక్‌షాఫ్ట్ కదలకుండా నిలబడుతుంది, సిలిండర్లన్నీ ఫ్యాన్‌తో పాటు గిరగిరా తిరుగుతాయి. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం క్రాంక్‌కేసు గుండానే వెళ్లాలి కాబట్టి మామూలు నూనె పోస్తే పెట్రోలు దాన్ని కడిగేస్తుంది. ఆముదం పెట్రోలులో అంత తేలిగ్గా కరగదు. అందుకే ఆముదం పోశారు. చిక్కల్లా ఒక్కటే. వాడిన నూనె తిరిగి ట్యాంకులోకి రాదు, పొగతో పాటు బయటికి చిమ్ముతుంది. వెనక కూర్చున్న పైలట్ గంటల తరబడి దాన్నే పీల్చాలి, దాన్నే మింగాలి. దిగాక ఏమయ్యేదో మన అమ్మమ్మలకు చెప్పనక్కర్లేదు. ఆముదం తాగిన మొహం అన్న మాట వాళ్ల విషయంలో అక్షరాలా నిజం.

1909లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ తన ఇంజన్ నూనెకు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది కూడా అందులో కలిపిన ఆముదాన్ని బట్టే. ఆముదానికి ఇంగ్లీషులో క్యాస్టర్ ఆయిల్ అని పేరు.

బావి గట్టు ఇంజన్‌ను ఆరో వంతు చేస్తే

మోట కొట్టడం మానేశాక, ఇంకా కరెంటు రాని రోజుల్లో బావి గట్టున, గిర్నీలో ఆయిల్ ఇంజనే రాజు. రెండు పెద్ద చక్రాలు, ఒకే సిలిండరు, పక్కన నీళ్ల డ్రమ్ము. వాల్వు లేపే మీటను ఎత్తి పట్టి హ్యాండిల్ తిప్పుతూ, చక్రాలు ఊపందుకోగానే మీట వదిలేస్తే టక్‌టక్‌మని అందుకునేది. ఆ తరహా ఇంజన్లకు మూలపురుషుడు ఇంగ్లండ్‌లోని డర్స్‌లీ ఊళ్లో తయారైన లిస్టర్ సీఎస్. మన దేశంలో రాజ్‌కోట్ కార్ఖానాలు దాని అచ్చులోనే వేలకొద్దీ పోసి దేశమంతా అమ్మాయి.

లిస్టర్ 5 హార్స్‌పవర్ రకం సిలిండరు అడ్డం నాలుగున్నర అంగుళాలు, పిస్టన్ నడక అయిదున్నర అంగుళాలు, నిమిషానికి 600 చుట్లు. దీన్నే అన్ని వైపులా ఆరో వంతుకు కుదించి టేబుల్ మీద నడిపించాలని ఒక హాబీ మనిషికి బుద్ధి పుట్టిందనుకుందాం. సిలిండరు అడ్డం 19 మిల్లీమీటర్లకు దిగుతుంది. చూడటానికి ముద్దుగా ఉంటుంది. కష్టం లోపల ఉంది. కొలత ఆరో వంతైతే ఘనపరిమాణం 216వ వంతవుతుంది. లీటరున్నరకు దగ్గరగా ఉన్న ఇంజను ఆరున్నర సీసీకి పడిపోతుంది. పెద్ద ఇంజను పూర్తి బరువు లాగేటప్పుడు ప్రతి పేలుడుకూ నాజిల్ చిమ్మే డీజిల్ దాదాపు ఒక నీటి చుక్కంత. చిన్నదానికి ఆ చుక్కలో 216వ వంతు చాలు. దాన్ని కొలిచి, ఒత్తిడి పెట్టి, ప్రతిసారీ అదే లెక్కన, అదే క్షణంలో చిమ్మే పంపు ఇంటి లేత్ మీద చేయాలి! చేసినవాళ్లు లేకపోలేదు, కానీ వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా ఇంజను చిన్నదయ్యేకొద్దీ లోపలి గ్యాసుతో పోలిస్తే చుట్టూ ఉన్న గోడ ఎక్కువవుతుంది. పుట్టిన వేడిని ఆ గోడే తాగేస్తుంది.

ఆ తలనొప్పిని తప్పించుకునేందుకు మోడల్ డీజిల్ ఇంజన్లకు పంపూ పెట్టలేదు, ప్లగ్గూ పెట్టలేదు. కిరోసిన్, ఈథర్, ఆముదం తలా ఒక పాలు కలిపి పోస్తారు. ఈథర్ తక్కువ వేడికే అంటుకునే రకం, పిస్టన్ నొక్కిన గాలి వేడికే భగ్గుమంటుంది. సిలిండరు పైన ఇంకో చిన్న పిస్టన్, దాన్ని కిందికి పైకి జరిపే అడ్డపుల్ల లాంటి స్క్రూ ఉంటాయి. ఆ స్క్రూ తిప్పుతూ ఒత్తిడి ఎంత కావాలో చెవితో విని పట్టుకోవాలి. అచ్చం తబలా బిళ్లలు సుతారంగా కొట్టి శ్రుతి చేసినట్టే.

1947లో అమెరికాలో రే ఆర్డెన్ గ్లో ప్లగ్ తెచ్చాక ఈ పని ఇంకా తేలికైంది. ప్లగ్గులో సన్నటి ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. మొదట బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాల్చి ఇంజన్ అందుకున్నాక బ్యాటరీ పీకేయొచ్చు. ఇంధనంలోని మెథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకినప్పుడు జరిగే రసాయన చర్యే తీగను ఎర్రగా ఉంచుతుంది.

ఇలాంటి వాటిలో అన్నిటికన్నా బుల్లిది కాక్స్ కంపెనీ 1961లో తెచ్చిన టీడీ .010. సామర్థ్యం 0.16 సీసీ. కార్ఖానాలో బారుగా తయారై బజారులో అమ్ముడుపోయిన ఇంజన్లలో అంతకన్నా చిన్నది లేదంటారు.

ఇంట్లో ఇంజను చేయడం బొమ్మల వాళ్ల పనే కాదు. హెన్రీ ఫోర్డ్ మొదటి ఇంజను నడిచింది వంటింట్లో. 1893 క్రిస్మస్ ముందు రాత్రి డెట్రాయిట్‌లోని ఇంట్లో గిన్నెలు కడిగే తొట్టికి దాన్ని బిగించాడు. సిలిండరుగా గ్యాసు గొట్టం ముక్క, చక్రంగా పాత లేత్ హ్యాండ్‌వీల్, నిప్పురవ్వకు వంటింటి దీపం కరెంటు. పెట్రోలు చుక్కలుగా పోసింది భార్య క్లారా. పక్క గదిలో పసిపిల్లాడు నిద్రపోతున్నాడు. క్లారా ఏమనుకుందో గానీ, అలాంటి ఇల్లాలు దొరకడమే సగం అదృష్టం.

వంద పౌండ్ల పలక, 19 పౌండ్ల క్రాంకు

రైట్ సోదరుల విమానానికి ఇంజను అమ్మే కంపెనీ దొరకలేదు. వాళ్ల సైకిల్ షాపులో పనిచేసే చార్లీ టేలర్ ఆరు వారాల్లో ఆ ఇంజన్ చేసి పెట్టాడు. చేతిలో ఉన్నవి ఒక లేత్, ఒక డ్రిల్ ప్రెస్, చేతి పనిముట్లు, అంతే. క్రాంక్‌షాఫ్ట్ చేసిన తీరు నేటికీ హాబీ మనుషులకు పాఠం. వంద పౌండ్ల ఉక్కు పలక మీద క్రాంకు గీత గీసుకున్నాడు. గీత బయట వరసగా బెజ్జాలు పెట్టాడు. ఉలి, సుత్తి పెట్టి బెజ్జాల మధ్య మిగిలిన ఇనుమును తెగ్గొట్టాడు. ఆ ముడి ముక్కను లేత్‌కెక్కించి గుండ్రంగా కోశాడు. చివరికి మిగిలింది 19 పౌండ్లు. 1903 డిసెంబరులో ఆ నాలుగు సిలిండర్ల ఇంజనే కిట్టీ హాక్ దగ్గర వాళ్ల విమానాన్ని గాలిలోకి లేపింది. దానికి సరైన కార్బురేటర్ కూడా లేదు.

క్రాంకు తర్వాత పిస్టన్ వంతు. రింగుల్లేని చిన్న ఇంజన్లో పిస్టన్‌కు, సిలిండర్‌కు మధ్య సందు కొద్ది మైక్రాన్లే. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల మాట. అందుకని చివరి కోతను లేత్ టూల్‌కు వదలరు. రుద్దుడు పొడిని నూనెలో కలిపి, ఇత్తడి గొట్టం చుట్టూ తిప్పుతూ గంటల తరబడి అరగదీస్తారు. అలా చేసేటప్పుడు సిలిండర్‌ను పైకి పోయేకొద్దీ కొంచెం ఇరుకుగా ఉంచుతారు, నడిచేటప్పుడు పైభాగమే ఎక్కువ వేడెక్కి సాగుతుంది గనుక. సరిపోయిందో లేదో చూసే పద్ధతి తమాషాగా ఉంటుంది. ఒక కొసను వేలితో మూసి, నూనె రాసిన పిస్టన్‌ను బయటికి లాగాలి. సీసా బిరడా ఊడినట్టు టప్‌మని చప్పుడు రావాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. 15 మిల్లీమీటర్ల పోత ఇనుము పిస్టన్‌ను అరచేతిలో పట్టుకుంటే, పది డిగ్రీలు వేడెక్కినా ఒకటిన్నర మైక్రాన్ ఉబ్బుతుంది. పట్టుకున్న చేతి వేడికే కొలత మారిపోయే పని ఇది. కాసేపు బల్ల మీద పెట్టి చల్లారాకే పరీక్షించాలి. పాలమూరు మే నెలలో బల్ల కూడా వేడిగానే ఉంటుంది, అది వేరే మాట.

ఇంగ్లండ్‌లో పెర్సివల్ మార్షల్ 1898లో మొదలుపెట్టిన మోడల్ ఇంజనీర్ పత్రిక ఈ పనిని తరాల తరబడి నేర్పింది. ఎడ్గర్ వెస్ట్‌బరీ అందులో పెట్రోలు ఇంజన్ల నమూనాలు గీసిచ్చాడు. అమెరికాలో డేవిడ్ గింజరీ ఇంకా ముందుకుపోయి, ముందు లేత్‌నే మీరు చేసుకోండి అన్నాడు. బొగ్గుల పొయ్యి మీద పాత అల్యూమినియం కరిగించి, ఇసుక అచ్చులో పోసి, వరసగా ఒక్కో మిషన్ ఎలా చేసుకోవాలో ఏడు పుస్తకాలు రాశాడు.

పాత సామాను, కొత్త బుర్ర

మన దగ్గర అంత కష్టం అక్కర్లేదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బోల్టు దగ్గర్నుంచి పంపుసెట్టు దాకా దొరకనిది తక్కువ. 1943లో సికింద్రాబాద్‌లో పుట్టిన ప్రాగా టూల్స్ చక్కులు ఎన్నో లేత్ షాపుల్లో ఇంకా తిరుగుతున్నాయి. తూకానికి పోయే పాత సిలిండర్ లైనర్ ఒకటి పట్టుకొస్తే చాలు, నాలుగైదు చిన్న ఇంజన్లకు రింగులు, పిస్టన్లు అందులోంచే కోసుకోవచ్చు. అంత మంచి పోత ఇనుము కొత్తగా కొనబోతే ఖరీదెక్కువ.

ఇంజను కాకపోయినా, ఇంట్లో యంత్రం చేసినవాళ్లలో మన వైపు మనిషి చింతకింది మల్లేశం. ఊరు ఆలేరు దగ్గర శారాజీపేట, అప్పట్లో నల్గొండ జిల్లాలోది, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలోది. ఆరో తరగతితో బడి ఆగింది. అమ్మ లక్ష్మి రోజంతా ఆసు పోసి (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పని) భుజం నొప్పితో బాధపడటం చూడలేక, 1992లో ఆ పనికి యంత్రం కట్టడం మొదలుపెట్టాడు. ఏళ్లు గడిచినా ఒక్క కదలిక దగ్గర పని ఆగిపోయింది. 1999లో హైదరాబాద్ బాలానగర్‌లో కరెంటు పనికి పోయినప్పుడు, అక్కడ ఆడుతున్న ఒక మిషన్‌లో తనకు కావాల్సిన కదలిక కనబడింది. లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. డ్రాయింగులు గీయడం రాకపోయినా, పక్కవాడి మిషన్‌లో ఏ కడ్డీ దేన్ని తోస్తోందో గమనించే కన్ను ఉంటే యంత్రం చేయొచ్చని నా నమ్మకం.

మళ్లీ ఆముదం దగ్గరికి. ఊళ్లో గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి తీసే వంటాముదం తలకూ కడుపుకూ మంచిదే గానీ ఇంజనుకు పనికిరాదు. అందులో నీటి తడి, పిప్పి జిగురు మిగిలి ఉంటాయి. గానుగలో చల్లగా ఆడి శుభ్రంగా వడకట్టిన రకం కావాలి. గింజలోని రిసిన్ అనే విషం నూనెలోకి దిగదు, చెక్కలో ఉండిపోతుంది. ఆముదం చెక్క పొలానికి ఎరువవుతుంది గానీ గొడ్డుకు పెట్టకపోవడం అందుకే.

ఆముదంతో నడిచిన ఇంజన్‌ను శుభ్రం చేయకుండా ఏడాది పాటు మూల పడేస్తే లోపల బంకలా గడ్డకట్టి పిస్టన్ బిగుసుకుంటుంది. పాడైపోయిందనుకుని పారేసినవాళ్లున్నారు. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో నాలుగు నిమిషాలు వెచ్చజేసి, కొంచెం మెథనాల్ వేసి, ఫ్యాన్‌ను చేత్తో మెల్లగా అటూ ఇటూ ఊపితే చాలావరకు కదులుతుంది. సుత్తితో కొట్టారో, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.