చేతులన్నీ కలిస్తేనే సకినం!

సంక్రాంతి నాలుగు రోజులుందనగానే కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో పిండిగిర్నీల ముందు వరస కడతారు. గిన్నెల్లో, గంపల్లో తడి బియ్యం. వాకిట్లో ముగ్గు ఎంత ముఖ్యమో, ఇంట్లో సకినాలూ అంతే. సకినం లేనిదే ఇక్కడ పండగ పండగే కాదు మరి!

పండగకు అప్పాలు చాలానే చేస్తారు. అరిసెలకు బెల్లం కోసం దూరం వెళ్లక్కర్లేదు... బెల్లం వ్యాపారానికి కామారెడ్డి పేరున్న ఊరే. గారెలు, మురుకులు ఇద్దరుంటే అయిపోతాయి. సకినాల సంగతి వేరు. గంపెడు కావాలంటే ఇంటిల్లిపాదీ కూర్చోవాల్సిందే. చాలకపోతే ఇరుగుపొరుగూ రావాల్సిందే. ఇవాళ వీళ్లింట్లో, రేపు వాళ్లింట్లో. కూలి ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు. చేతికి చేయి సాయం... అంతే!

కొత్త బియ్యం... కొత్త పండగ

1922లో కట్టిన పోచారం ప్రాజెక్టు నీళ్లు నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి పొలాలకు పారతాయి. వానాకాలం వడ్లు సంక్రాంతికి ముందే ఇల్లు చేరతాయి. కొత్త బియ్యానికి జిగురెక్కువ. అందుకే సకినాలకు అవే మేలు. రాత్రంతా నానబెట్టి, నీళ్లు వడకట్టి, తడి ఆరకముందే పట్టిస్తారు. కిలో బియ్యానికి పావుకిలో నువ్వులు, కాస్త వాము, తగినంత ఉప్పు. నీళ్లు మాత్రం చూసి చూసి పోయాలి. పిండి జారైతే చుట్టు నిలవదు, గట్టిదైతే తీగ తెగుతుంది.

చాలా ఇళ్లలో ముందుగా పిండితో గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటారు. తర్వాతే పని మొదలు. నేలమీద తెల్లటి పాత ధోవతి పరిచి చుట్టూ కూర్చుంటారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని మెలి తిప్పుతూ చుట్టు మీద చుట్టు వేస్తారు. అచ్చు లేదు, గొట్టం లేదు. వేళ్లే పనిముట్లు!

ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఓ పని. గిర్నీకి వెళ్లొచ్చేది, కట్టెలు తెచ్చేది మగవాళ్లు. మూకుడు దగ్గర అనుభవమున్న పెద్దమ్మ. ధోవతి తడి పీల్చుకున్నాక సకినాన్ని ఒడుపుగా లేపి నూనెలో వేయడం కోడళ్ల వంతు. తొందరపడి లేపితే విరిగిపోతుంది. విరిగిన ముక్కల కోసం పిల్లలు కాచుకుని ఉంటారు. మధ్యమధ్య వాళ్లూ ఓ పిండిముద్ద అందుకుంటారు. మొదట వచ్చేది సకినం కాదు, వంకర టింకర వాన పాము! నవ్వులే నవ్వులు. అయినా ఎవరూ పారేయరు. అదీ నూనెలో వేగాల్సిందే.

క్రిస్మస్‌కు జర్మనీలోనూ ఇలాంటి సందడే ఉంటుంది. అల్లం, తేనె కలిపిన రొట్టెలతో ఇంటిల్లిపాదీ బుల్లి ఇళ్లు కడతారు. అడవిలో తినే ఇల్లు కనిపించే గ్రిమ్ సోదరుల కథ 1812లో అచ్చయ్యాక ఆ ముచ్చట మరింత పెరిగిందంటారు. వాళ్లకు గోడలు, మనకు చుట్లు. దేశం ఏదైనా పిల్లల చేతికి పిండి అంటడమే పండగ.

డబ్బాలో దుబాయి ప్రయాణం

ఈ ప్రాంతంలో గల్ఫ్‌కు వెళ్లని ఊరు అరుదు. తండ్రి దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటే పండగ సకినాలు సగం అతనికే. బాగా ఆరి, బాగా వేగిన సకినం వారాల తరబడి పాడవదు. కానీ ఒత్తిడి తగిలితే పిండైపోతుంది. అందుకే డబ్బాలో కాగితాలు వేసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, ఊరి నుంచి వెళ్లేవాళ్ల చేతికిస్తారు. పెళ్లయిన ఆడబిడ్డకు సారెలోనూ సకినాలు తప్పవు.

ఇప్పుడు మిఠాయి దుకాణాల్లో కిలోల లెక్కన దొరుకుతున్నాయి. ఉద్యోగాలు, చిన్న కుటుంబాలు... కొనుక్కోవడం తప్పూ కాదు. రుచికీ కొదవ లేదు. కానీ ఈ చుట్టు పుస్తకం చూసి వచ్చేది కాదు. పెద్దమ్మ వేళ్లు చూస్తూ, పక్కన కూర్చుని, పది వంకర సకినాలు చేశాకే పట్టుబడుతుంది. ఓ తరం కూర్చోకపోతే తర్వాతి తరానికి చూపించే చేతులుండవు.

అందుకే రాబోయే సంక్రాంతికి కిలో బియ్యమైనా నానబెట్టండి. సగం విరిగినా ఫర్వాలేదు. దుబాయి డబ్బాలో అన్నిటికన్నా పైన పిల్లాడు చేసిన ఆ వంకర సకినాన్నే పెట్టండి. అక్కడ డబ్బా మూత తీసిన తండ్రికి, అది ఎవరు చుట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు!