ప్రక్రియల మధ్య సందేశాలలో తెలుగు అక్షర శ్రేణి: సి భాషలో పఠన విధానం

1. ఉపోద్ఘాతం

కంప్యూటరులో నడుస్తున్న ప్రోగ్రామును ప్రక్రియ అంటారు. నిఘంటు శోధన వంటి పనులలో ఒక ప్రక్రియ పాఠాన్ని అందిస్తే మరొకటి అందులో పదాలను వెదుకుతుంది. ఈ రెండింటి నడుమ పాఠం సందేశ రూపంలో సాగుతుంది. ఆ సందేశంలోని శ్రేణిని సరిగా చదవకపోతే తెలుగు పదం చివర తెగిపోతుంది. శోధనలో ఆ పదం దొరకదు. ఈ లోపానికి కారణాన్ని, నివారణ మార్గాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సందేశ స్వరూపం

యూనిక్స్ సిస్టమ్ ఫైవ్ పద్ధతిలోని సందేశానికి రెండు భాగాలుంటాయి. మొదటిది సందేశ రకాన్ని తెలిపే ధన పూర్ణాంకం, రెండవది విషయం. విషయ భాగంలో శ్రేణినే ఉంచాలి గాని దాని చిరునామాను తెలిపే పాయింటరును ఉంచరాదు. ప్రతి ప్రక్రియకూ స్మృతి చిరునామాలు వేరు. ఒక ఊరి ఇంటి నంబరుతో మరో ఊరిలో వెదికితే ఆ ఇల్లు దొరకదు కదా! ఇదీ అంతే.

3. పరిమాణ నిర్ణయం

సందేశాన్ని స్వీకరించే ఎంఎస్‌జీఆర్‌సీవీ ఫంక్షను అందిన విషయం ఎన్ని బైట్లో తెలుపుతుంది. రకాన్ని సూచించే భాగం ఈ లెక్కలో చేరదు. పూర్ణాంకాల శ్రేణి అయితే ఆ సంఖ్యను ఒక్కో పూర్ణాంకం పరిమాణంతో భాగించగా మూలకాల సంఖ్య వస్తుంది. స్వీకరించే శ్రేణి మొత్తం పరిమాణాన్నే ప్రమాణంగా తీసుకుంటే, అందులో మిగిలివున్న పాత విషయం కూడా కొత్త సందేశంలో భాగంగా భ్రమ కలిగిస్తుంది.

సందేశం కేటాయించిన చోటు కంటే పెద్దదైతే ఫంక్షను దోషాన్ని సూచించి ఆగుతుంది; సందేశం వరుసలోనే ఉంటుంది. ఎంఎస్‌జీ_నోఎర్రర్ అనే సూచన ఇస్తే మాత్రం సందేశాన్ని కత్తిరించి ఇస్తుంది. తెగిన భాగం మళ్ళీ దొరకదు.

4. తెలుగు పాఠంలో ప్రత్యేక సమస్య

యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. 'తెలుగు' అనే పదంలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిసి 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. 16 బైట్ల వద్ద తెగితే చివరి కొమ్ములో ఒక్క బైటే మిగులుతుంది. 15 వద్ద తెగితే సంకేతాలన్నీ చెక్కుచెదరవు. కాని పదం 'తెలుగ' అవుతుంది. మొదటి లోపాన్ని యంత్రం గుర్తించగలదు. రెండవదానిని తెలుగు లిపి స్వభావం తెలిసినవారే పసిగట్టగలరు.

లినక్స్‌లో ఒక సందేశానికి సాధారణ పరిమితి 8192 బైట్లు. ఇది 3తో నిశ్శేషంగా భాగింపబడదు. ఖాళీలు లేని తెలుగు పాఠాన్ని ఆ పరిమితి వద్ద విడదీస్తే 2730 సంకేతాలు పోను 2 బైట్లు అసంపూర్ణంగా మిగులుతాయి.

5. పరిష్కారం

పంపే ప్రక్రియ పాఠాన్ని పదాల మధ్య ఖాళీ వద్దనే విడదీయాలి. అది వీలుకానప్పుడు స్వీకరించే ప్రక్రియ చివరి అసంపూర్ణ అక్షరాన్ని దాచి, తరువాతి సందేశానికి ముందు చేర్చాలి. గుణింతపు గుర్తు గాని, పొల్లు గాని తరువాతి సందేశంలో మొదట రావచ్చు కనుక చివరి హల్లును కూడా అప్పటివరకు నిలిపి ఉంచాలి.

6. ముగింపు

సి భాష బైట్లను మాత్రమే లెక్కిస్తుంది. అక్షరాన్ని గుర్తించే బాధ్యత ప్రోగ్రాము రాసేవారిదే. అందిన పరిమాణాన్ని పాటించడం, అక్షరపు హద్దును గౌరవించడం అనే రెండు నియమాలతో పాఠం యథాతథంగా గమ్యం చేరుతుంది.