ధాన్యకటకంలో ఒక చైనా విద్యార్థి

పల్నాడు నుంచి విదేశాలకు పైచదువులకు బయల్దేరే పిల్లలకు పెద్దలు చెప్పే జాగ్రత్తల్లో ఒకటి తప్పకుండా ఉంటుంది: వెళ్లేది చదువుకోవడానికి, ఊళ్లు తిరగడానికి కాదు. నరసరావుపేటలోనో మాచర్లలోనో పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి లోను తెచ్చిన తండ్రి ఆ మాట అంటే తప్పు పట్టలేం. అయితే క్లాసులో చెప్పేదే చదువు, బయట ఉన్న ఊరు కాలక్షేపం అనే నమ్మకం ఆ మాట వెనక ఉంది. దాంతో నేను ఏకీభవించను. వెళ్లిన ఊరిని తెలుసుకోవడం కూడా ఆ చదువులో భాగమే. దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. చదువు కోసం పరదేశం నుంచి మన గడ్డకే వచ్చినవాడు ఒకడున్నాడు.

చైనా భిక్షువు హ్యూయన్‌త్సాంగ్ 629 ప్రాంతంలో స్వదేశం విడిచి, 645లో తిరిగి చేరాడు. నలందలో చదివాక అక్కడి నుంచే ఇంటిదారి పట్టవచ్చు. పట్టలేదు. దక్షిణానికి దిగి ఆంధ్రదేశం చూసి ధాన్యకటకం చేరాడు. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరిన అమరావతి మండలంలోని ధరణికోటే ఆ పాత నగరం. శిష్యుడు హుయిలి రాసిన జీవితచరిత్ర ప్రకారం అక్కడ సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలుండి మహాసాంఘికుల అభిధర్మ గ్రంథాలు నేర్చుకున్నాడు. వాళ్లిద్దరూ ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చెప్పించుకున్నారు. ఆ తర్వాత ముగ్గురూ కలిసి పుణ్యస్థలాలు చూడబోయారు. పాఠం, ప్రయాణం ఆయనకు వేరువేరు కాలేదు. పూర్వశైల, అపరశైల విహారాలు ఊరికి ఏ దిక్కున ఉన్నాయో రాశాడు. విహారాలు చాలామటుకు పాడుబడ్డాయనీ, భిక్షువులున్నవి ఇరవై దాకా మిగిలాయనీ రాశాడు. ఆంధ్రదేశపు భాష మధ్యదేశపు భాషకు వేరనీ, లిపి మాత్రం దాదాపు ఒకటేననీ గమనించాడు. ఆయన వర్ణించిన రాజధాని ధరణికోట కాదు, బెజవాడ అని ఫెర్గూసన్ లాంటి పండితులు వాదించారు కూడా. అది ఎటు తేలినా, కృష్ణాతీరంలో 7వ శతాబ్దానికి బౌద్ధం ఎంత సన్నగిల్లిందో మనకు తెలియడానికి, ఆ విద్యార్థి గ్రంథాల మీంచి తలెత్తి ఊరిని చూడటమే కారణం.

సన్యాసికి ఇల్లూ అప్పూ ఉండవు, ఆయనతో మన పిల్లలకు పోలికేమిటని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. కానీ పాత కాలంలోనూ పరదేశి ఉండటానికీ తినడానికీ ఎవరో ఒకరు ఖర్చు పెట్టుకున్నారు. మాచర్లకు దగ్గర్లోని నాగార్జునకొండ లోయలో 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరపు శాసనం ఒకటి బోధిసిరి అనే ఉపాసిక గురించి చెబుతుంది. ఆమె రాణి కాదు, గృహస్థురాలు. తామ్రపర్ణి, అంటే నేటి శ్రీలంక, ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరం కట్టించింది. ఆ ఆచార్యులను పొగిడేచోట శాసనం కశ్మీరం, గాంధారం, చైనా, వంగం, వనవాసి అంటూ దేశాల పేర్లు వరసగా చెబుతుంది. వచ్చినవాళ్లలో గురువులెందరో శిష్యులెందరో అది విడదీయదు. కానీ వాళ్ల విహారం ఊరికి దూరంగా విసిరేసినట్టు ఉండేది కాదు. మిగతా విహారాల మధ్య, రాజధాని లోయలోనే ఉండేది. అదే లోయలోని శిల్పాల్లో పొడుగు కోటు, టోపీ ధరించిన శక యోధుడూ కనిపిస్తాడు. అక్కడ బయటపడిన మెట్ల రంగస్థలాన్ని నాగార్జునసాగర్ జలాశయం నీళ్లు రాకముందే తరలించి, ఇప్పుడు అనుపులో నిలబెట్టారు.

ఇక డబ్బు, తీరిక సంగతి. బ్రిటన్‌లో డిగ్రీ చదివే విదేశీ విద్యార్థి టర్మ్ రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఆ సంపాదనతో అద్దె కట్టుకునేవాడికి ఊరు చూడమని చెప్పడం తేలికే అనిపిస్తుంది. లండన్ వరకైనా నా జవాబు ఇది: బ్రిటిష్ మ్యూజియానికి టికెట్ లేదు. అక్కడ అమరావతి శిల్పాలకే ఒక గది ఉంది. అందులో రెండువైపులా చెక్కిన పలక ఒకటుంది. ఒకవైపు పాత శిల్పం: బోధివృక్షం కింద ఖాళీ సింహాసనం, చుట్టూ మొక్కుతున్న జనం. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి రెండో వైపున స్తూపం మొత్తాన్ని చెక్కారు. ద్వారం దగ్గర సింహాలు, ఎదురుగా వరసగా ఐదు ఆయక స్తంభాలు. అమరావతిలో ఆ స్తూపం, అంటే మహాచైత్యం, దాదాపు నేలమట్టమైంది కాబట్టి, అది ఎలా ఉండేదో ఊహించడానికి ఇలాంటి పలకలే ఆధారం. ఆ రాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచేది పలనాటి సున్నపురాయి అనే.

మనవి పట్టుకుపోయి అద్దాల గదిలో పెట్టుకుంటే, మనం వెళ్లి మురిసిపోవాలా అనే కోపం కొందరిలో ఉంది. అది న్యాయమైన కోపం. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతిలో తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, 1859లో ఓడెక్కాయి. తిరిగి ఇమ్మని అడగాలన్నా ఏ రాయి ఎక్కడిది, దాని మీద ఏముంది, దాని జతలో ఎన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి అన్నది తెలిసినవాళ్లు కావాలి. కొత్తగా వచ్చే పిల్లలకు ఇల్లు వెతకడం, బ్యాంకు ఖాతా తెరవడం అక్కడి మన తెలుగు సంఘాలు ఎలాగూ చూపిస్తున్నాయి. సెప్టెంబరులో ఒక శనివారం వాళ్లను ఆ గదికి తీసుకెళ్లే బాధ్యత కూడా లండన్ సంఘాలు తీసుకోవాలి.