వేడినీళ్లా, చల్లటి నీళ్లా: చైనా వైద్యం చెప్పేదేమిటి, మన వేసవికి సరిపడేదేమిటి?

పరగడుపున వేడినీళ్లే తాగాలి. చల్లటివి ముట్టరాదు. పచ్చి కూరగాయలు తింటే జీర్ణశక్తి తగ్గుతుంది. రాత్రి 11 గంటలలోపు నిద్రపోవాలి. తెల్లవారుజామున 3 గంటలకు మెలకువ వస్తే కాలేయంలో లోపం ఉన్నట్లే. ఇటువంటి సలహాలు ఇప్పుడు ప్రతి ఇంటికీ ఫోను ద్వారా చేరుతున్నాయి. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లోని శంకర్ నగర్ వంటి నివాస ప్రాంతంలో ఉన్న తెలుగు కుటుంబానికైనా, విజయవాడలో ఉన్న బంధువుకైనా అదే సందేశం వెళుతుంది. వీటిలో చాలావాటి మూలం సంప్రదాయ చైనా వైద్యంలో ఉంది. అయితే మే నెలలో పగటి ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటే ఊరిలో ‘చల్లటివి ముట్టరాదు’ అన్న మాటను అక్షరాలా పాటిస్తే మేలు కంటే కీడే జరగవచ్చు. కనుక ఆ సలహాల వెనుక ఉన్న ఆలోచన ఏమిటో, దాని పరిధి ఎంతవరకో తెలుసుకోవడం అవసరం.

పొయ్యి మీద కుండ

చైనా వైద్య సిద్ధాంతానికి ఆధారమైన ‘హువాంగ్‌దీ నేయ్‌జింగ్’ అనే గ్రంథం సుమారు 2,000 ఏళ్ల నాటిది. శరీరంలో ‘చీ’ అనే ప్రాణశక్తి ప్రవహిస్తుందనీ, చల్లదనానికి ప్రతీక అయిన యిన్, వేడిమికి ప్రతీక అయిన యాంగ్ సమతూకంలో ఉండటమే ఆరోగ్యమనీ ఈ వైద్యం భావిస్తుంది. జీర్ణక్రియను పొయ్యి మీద ఉడికే కుండతో పోలుస్తారు. చల్లటి నీరు, పచ్చి ఆహారం ఆ పొయ్యిని చల్లార్చుతాయన్నది వారి వాదన.

ఈ ఆలోచన తెలుగువారికి కొత్తది కాదు. జఠరాగ్ని, అగ్నిమాంద్యం అన్న మాటలు ఆయుర్వేదం నుంచి మన వాడుకలోకి వచ్చినవే. ‘వేడి చేసింది’, ‘చలువ చేస్తుంది’ అని అనని తెలుగు ఇల్లు ఉండదు. కొన్ని పోలికలు ఆశ్చర్యం కలిగిస్తాయి. చైనాలో ఎండాకాలం వస్తే పెసలు ఉడికించిన జావ తాగుతారు. మనం శ్రీరామనవమికి వడపప్పు, పానకం పంచుకుంటాం. అల్లం వేడి గుణం కలదని రెండు సంప్రదాయాలూ అంగీకరిస్తాయి.

అయితే అన్నిచోట్లా ఏకాభిప్రాయం లేదు. వంకాయను ఆయుర్వేదం వేడి గుణం గల కూరగాయగా చెబితే, చైనా వైద్యం చలువ చేసేదిగా పరిగణిస్తుంది. అంటే ఈ వేడి, చలువ అనేవి ఉష్ణమాపకంతో కొలవగల గుణాలు కావు. తరతరాల అనుభవాన్ని గుర్తుంచుకోవడానికి ఆయా సమాజాలు ఏర్పరచుకున్న వర్గీకరణలు మాత్రమే.

వేడినీటి అలవాటు ఎలా పెరిగింది?

నేడు చైనాలో రైళ్లలో, కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో ఎక్కడ చూసినా వేడినీటి సదుపాయం కనిపిస్తుంది. ఇదంతా ప్రాచీన వైద్యం ఫలితమే అనుకుంటే పొరపాటు. 1934లో మొదలైన ‘నవజీవన ఉద్యమం’ కాచిన నీటిని తాగాలని ప్రజలకు బోధించింది. 1952లో ప్రారంభమైన దేశవ్యాప్త పారిశుద్ధ్య ఉద్యమం ఆ అలవాటును మరింత వ్యాపింపజేసింది. నీటి ద్వారా సోకే వ్యాధులను అరికట్టడం ఆ ప్రచారాల ఉద్దేశాల్లో ముఖ్యమైనది.

ఈ విషయం రాయ్‌పూర్ వాసులకు బాగా అర్థమవుతుంది. 2020 వేసవిలో ఈ నగరంలో కామెర్లు ప్రబలాయి. కలుషిత నీటి వల్ల వ్యాపించే కామెర్లకు కారణమైన క్రిములు నీటిని బాగా మరిగిస్తే నశిస్తాయి. కాచిన నీటిని చల్లార్చి, మూత పెట్టి, శుభ్రమైన కుండలో పోసుకుని తాగినా ఆ రక్షణ తగ్గదు. మేలు చేసేది నీటిని మరిగించడం, వేడివేడిగా తాగడం కాదు.

చల్లటి నీరు ఆరోగ్యవంతుల జీర్ణక్రియను దెబ్బతీస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు. పార్శ్వపు నొప్పి ఉన్నవారిలో కొందరికి, అన్నవాహికలో కదలిక లోపం ఉన్నవారికి మాత్రం అది ఇబ్బంది కలిగించవచ్చు. మరోవైపు, 65 డిగ్రీలకు మించిన వేడితో పానీయాలు తాగడం క్యాన్సర్‌కు కారణం కాగల అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో వర్గీకరించింది. పొగలు కక్కే నీటిని గుటకలు వేయడం ఆరోగ్య సూత్రం కాదని దీనిని బట్టి గ్రహించాలి.

కాలం, ప్రదేశం, మనిషి

ఫోను సందేశాల్లో కనిపించని ముఖ్య సూత్రం ఒకటి చైనా వైద్యంలోనే ఉంది. కాలాన్ని బట్టి, ప్రదేశాన్ని బట్టి, మనిషిని బట్టి చికిత్స మారాలన్నదే ఆ సూత్రం. చలికాలంలో బీజింగ్‌లోని వృద్ధునికి చెప్పిన మాట, ఎండాకాలంలో రాయ్‌పూర్‌లోని భవన నిర్మాణ కార్మికునికి వర్తించదు.

ఈ నేల తన వేసవికి తగిన ఆహారాన్ని తానే తయారు చేసుకుంది. అన్నాన్ని నీటిలో నానబెట్టి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పచ్చడితో తినే ‘బోరే బాసీ’ ఛత్తీస్‌గఢ్ శ్రామికుల ఆహారం. 2022 మే 1న కార్మిక దినోత్సవం సందర్భంగా అందరూ దీనిని తినాలని నాటి రాష్ట్ర ప్రభుత్వం పిలుపునిచ్చింది. మన చద్దన్నం, కోస్తా పల్లెల తరవాణి దీనికి దగ్గరి చుట్టాలే. ‘చల్లటి అన్నం పొయ్యిని ఆర్పుతుంది’ అన్న సూత్రాన్ని గుడ్డిగా పాటిస్తే వీటన్నిటినీ వదులుకోవలసి వస్తుంది. కానీ చెమట ద్వారా నీరు, ఉప్పు కోల్పోయే శరీరానికి ఉప్పు వేసుకున్న ఈ ఆహారం ఆ రెండింటినీ తిరిగి అందిస్తుంది.

నీటి విషయంలోనూ ఇంతే. దాహం వేసినప్పుడే కొద్దికొద్దిగా తాగాలన్నది చైనా వైద్యులు తరచుగా ఇచ్చే సలహా. వడగాలులు వీచే రోజుల్లో దాహం లేకపోయినా నీరు తాగుతూ ఉండాలని మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సూచిస్తుంది. ఓఆర్ఎస్, మజ్జిగ, నిమ్మరసం, గంజి తీసుకోవాలని చెబుతుంది. ఎండలో పనిచేసేవారు ఈ రెండో మాటనే పాటించాలి. గుండె, మూత్రపిండాల వ్యాధులు ఉన్నవారు ఎంత నీరు తాగాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

వడదెబ్బ తగిలి మాట తడబడినా, స్పృహ తప్పినా వేడి, చలువ చర్చకు తావు లేదు. బాధితుణ్ణి నీడకు చేర్చి, ఒంటిని చల్లటి నీటితో తడుపుతూ, గాలి విసురుతూ 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీరు పోయకూడదు.

నిద్ర, నడక

రాత్రి 11 గంటలలోపు నిద్రించాలన్న సలహాకు మూలం చైనా వైద్యంలోని అవయవాల గడియారం. ఒక్కో అవయవానికి రెండేసి గంటలు కేటాయించి, రాత్రి 1 నుంచి 3 వరకు కాలేయానిదిగా చెబుతారు. ఇక్కడ కాలేయం అంటే శస్త్రచికిత్స నిపుణుడు చూసే అవయవం కాదు, కొన్ని ధర్మాల సముదాయం. కనుక ఆ వేళ మెలకువ వస్తే కాలేయ వ్యాధి ఉందని భయపడనవసరం లేదు. అయితే శరీరంలో రాత్రింబవళ్లను అనుసరించే అంతర్గత గడియారం ఉన్నమాట నిజం. దాని పనితీరును వివరించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. వేళకు నిద్రపోవడం మంచిదే.

రోజుకు 10,000 అడుగులు నడవాలన్న లెక్క మాత్రం ప్రాచీనమైనదీ కాదు, చైనాదీ కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల కొలమానం పేరు నుంచి అది ప్రచారంలోకి వచ్చింది. ఏ కదలికైనా అతి కాకూడదన్నదే చైనా వైద్యం మాట. మోకాళ్ల నొప్పులున్నవారు ఆ అంకె కోసం ఎండలో శ్రమపడనవసరం లేదు.

జాగ్రత్త ఎక్కడ అవసరం?

చైనా వైద్యాన్ని పూర్తిగా కొట్టివేయడం న్యాయం కాదు. ప్రాచీన చైనా గ్రంథంలోని సూచన ఆధారంగా మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను వెలికితీసిన తూ యూయూకు 2015లో నోబెల్ లభించింది. ఆ గ్రంథం దారి చూపింది, ప్రయోగశాల దానిని పరీక్షించి నిలబెట్టింది. పరీక్ష లేకపోతే ఏమవుతుందో 1990 దశకం ఆరంభంలో బెల్జియంలో తెలిసింది. బరువు తగ్గించే చైనా మూలికల మందులో పొరపాటున మరో మొక్క కలవడంతో ఎందరో స్త్రీల మూత్రపిండాలు పాడయ్యాయి. ఆ విషపదార్థం గల మొక్కల జాతికి చెందిన ‘ఈశ్వరి’ మన అడవుల్లోనూ పెరుగుతుంది. మూలిక సహజమైనది కనుక హాని చేయదన్న నమ్మకం సరికాదు.

గోరువెచ్చని నీరు హాయిగా అనిపిస్తే తాగవచ్చు. త్వరగా భోజనం ముగించి, వేళకు నిద్రపోతే మంచిదే. మధుమేహం, రక్తపోటు మందులను మాత్రం ఏ సందేశాన్నీ నమ్మి మానరాదు. వాడుతున్న మూలికల గురించి వైద్యుని దగ్గర దాచరాదు. ఈసారి ఫోనులో ఆరోగ్య సలహా వస్తే, అది ఏ కాలానికి, ఏ ప్రదేశానికి, ఏ మనిషికి చెప్పినదో ముందుగా ఆలోచించండి. చైనా వైద్యం నుంచి మనం నేర్చుకోదగిన మొదటి పాఠం అదే.