కదలని కుక్కకు భయం పోయినట్టేనా?

రాయ్‌పూర్‌లోని పండరీ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఈ నెల నన్ను వేరే పని ముట్టుకోనివ్వలేదు. వాళ్ల ఇల్లు బట్టల బజారు వెనక సందులో ఉంది. పాత బస్టాండు దగ్గర తిరిగే వీధికుక్కను చేరదీసి ‘కాలూ’ అని పేరు పెట్టుకున్నారు. టీకా వేయించడానికి తీసుకెళ్తే మొదట్లో ముగ్గురు పట్టుకున్నా ఆగేది కాదట. ఈసారి బల్ల మీద రాయిలా నిలబడిపోయింది. ‘‘చూశారా, అలవాటైపోయింది’’ అన్నాడట అక్కడి కాంపౌండరు. కానీ ఇంట్లో ఎగబడి తినే చికెన్ ముక్కను అక్కడ వాసన కూడా చూడలేదు. ఇంటికొచ్చాక రాత్రిదాకా మంచం కింద నుంచి బయటికి రాలేదు. ‘‘నిజంగా అలవాటైందా, ఇంకేమైనా అయిందా?’’ అని ఆవిడ ప్రశ్న.

అలవాటు కాలేదమ్మా. ఏమైందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకే దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

ముందు నాలుగు ముక్కల్లో పూర్వరంగం. వీధికుక్కకు వైద్యుడితో తొలి పరిచయం సాధారణంగా వలతో మొదలవుతుంది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కను పట్టుకుని, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి గుర్తు పెట్టి, తెచ్చిన చోటే వదలాలి. ఊరికి ఇది మేలే. కుక్కకు మాత్రం గుర్తుండేవి వల, బండి, బోను, మందుల వాసన. పెంపుడు కుక్కలూ ధీరులేమీ కాదు. జర్మనీలో 2009లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 135 కుక్కలను చూస్తే, పరీక్ష బల్ల మీద 106 భయపడ్డాయి. భయపెట్టేదాన్ని ఇష్టమైన తిండితో జతచేసి, దూరం నుంచి మెల్లగా దగ్గరకు తేవాలన్నది పాత సూత్రం. 1924లో మేరీ కవర్ జోన్స్ కుందేలంటే జడిసే పీటర్ అనే పిల్లవాడికి ఇలాగే భయం పోగొట్టింది. అందుకే ఎవరిని అడిగినా ‘చికెన్ పెట్టండి’ అంటారు. మంచి సలహానే. అయితే కాలూ చికెన్ ముట్టలేదే!

అసలు కథ ఇక్కడుంది. 1967లో అమెరికాలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు కుర్ర పరిశోధకులు కుక్కలపై ఒక ప్రయోగం చేశారు. ఈ రోజుల్లో అలాంటిదానికి అనుమతి దొరకదు, దొరకకూడదు కూడా. కుక్కలను ఉయ్యాల లాంటి పట్టీల్లో కదలకుండా కట్టి విద్యుత్ షాకులిచ్చారు. ఒక జట్టుకు తలకు అటూ ఇటూ పలకలుండేవి. తలతో పలకను నొక్కితే షాకు ఆగిపోతుంది. రెండో జట్టుకు కచ్చితంగా అన్నే షాకులు, అంతే సేపు. కానీ అవి పలకను ఎంత నొక్కినా ఏమీ ఆగదు. నొప్పి ఇద్దరికీ సమానం, ఆపే వీలు ఒకరికే. మర్నాడు వాటిని నడుమ అడ్డుగోడ ఉన్న పెట్టెలో పెట్టారు. గోడ దూకితే షాకు తప్పుతుంది. మొదటి జట్టు చకచకా దూకేసింది. రెండో జట్టులో ఎక్కువ భాగం అక్కడే కూలబడి, షాకు తింటూ ఉండిపోయాయి.

తర్వాత వాటిని మార్చాలని చూశారు. అడ్డుగోడ తీసేశారు, అవతలి నుంచి పిలిచారు, ఆకలితో ఉన్న కుక్కకు ఎదురుగా మాంసం ముక్కలు పడేశారు. కదల్లేదు! పండరీ కుక్క చికెన్ వాసన చూడకపోవడానికి ఇంతకంటే దగ్గరి పోలిక నాకు దొరకలేదు. చివరికి పట్టీ కట్టి అటూ ఇటూ పదేపదే ఈడ్చాక గానీ, తాము కదిలితే షాకు ఆగుతుందని వాటికి తెలిసిరాలేదు.

ఆ ఇద్దరూ దీనికి ‘నేర్చుకున్న నిస్సహాయత’ అని పేరు పెట్టారు. తాను ఏం చేసినా లాభం లేదని కుక్క నేర్చుకుందన్నారు. పాఠ్యపుస్తకాలు దాన్నే వల్లించాయి. మేయర్ మాత్రం ఊరుకోలేదు. మెదడు శాస్త్రంలోకి మళ్లి, ఎలుకల మెదళ్లలో దశాబ్దాలపాటు ఈ గుట్టు కోసం తవ్వాడు. 2016లో అదే ఇద్దరు కలిసి, తమ సిద్ధాంతం తలకిందులుగా ఉందని రాశారు. సొంత పేరుతో వెలిగిన సిద్ధాంతాన్ని యాభయ్యో ఏట సొంత చేతులతో తిప్పికొట్టినవాళ్లు విజ్ఞాన చరిత్రలో ఎందరుంటారు?

వాళ్లు తేల్చింది ఇది. కష్టం ఎడతెగకుండా సాగితే మెదడు కాండంలోని డోర్సల్ రఫే అనే చిన్న కేంద్రం సెరటోనిన్‌ను గుమ్మరిస్తుంది. జంతువు చతికిలబడుతుంది. ఇది ఎవరూ నేర్పక్కర్లేని స్పందన, పుట్టుకతో వచ్చింది. నేర్చుకోవలసింది దీనికి ఎదురుది: ‘ఇది నేను ఆపగలను’ అన్న సంగతి. ఆ సంగతిని పసిగట్టేది నుదుటి వెనకనున్న ప్రిఫ్రంటల్ కార్టెక్స్. అది పసిగట్టగానే కింద ఉన్న రఫేకు కళ్లెం వేస్తుంది. ఇంకా గొప్ప సంగతి 1967 నాటి ప్రయోగంలోనే ఉంది. ముందు తప్పించుకోవడం నేర్చిన కుక్కలకు తర్వాత ఆపలేని షాకులిచ్చినా అవి కూలబడలేదు. ఆపగలనన్న అనుభవం టీకాలా పనిచేసింది!

ఇప్పుడు కాలూ దగ్గరికి రండి. అది బల్ల మీద ధైర్యంగా నిలబడలేదు, లోలోపల చతికిలబడింది. దానికి ముందు కావలసింది ఆపమనే హక్కు, చికెన్ ఆ తర్వాత. కుక్కల శిక్షకులు ఇందుకు ఓ చక్కటి ఉపాయం వాడతారు. ఇంట్లో మడిచిన తువ్వాలు మీద కుక్క తనంతట తాను గడ్డం ఆనించడం నేర్పుతారు. గడ్డం ఆని ఉన్నంతసేపే చెయ్యి దాని మీదకు వెళ్తుంది. గడ్డం ఎత్తిందా, ఆ క్షణమే చెయ్యి వెనక్కి రావాలి. బతిమాలడాలు, ‘ఒక్క నిమిషం’ అనడాలు కుదరవు. మొదట చెవి, తర్వాత మెడ మీది చర్మం, తర్వాత స్పిరిట్ దూది, ఆపైన సూది లేని సిరంజి. ఒప్పుకున్న ప్రతిసారీ చికెన్. అరవై ఏళ్ల నాటి ఆ పలకే ఇప్పుడు తువ్వాలై వచ్చింది. ఎలుకల మెదడులో చూసిన కళ్లెమే ఇక్కడా పనిచేస్తోందని నా గట్టి నమ్మకం.

ఒక హెచ్చరిక. పాత భయం చెరిగిపోదు, కొత్త పాఠం దాని పక్కన చేరుతుందంతే. 1924లో లెనిన్‌గ్రాడ్ వరదల్లో రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ ప్రయోగశాల కుక్కలు బోనుల్లో మునిగిపోబోయి బయటపడ్డాయి. కొన్నిటికి అంతదాకా నేర్పిందంతా చెదిరిపోయింది. ఓపిగ్గా మళ్లీ నేర్పాక, తలుపు కింద నుంచి గదిలోకి కాస్త నీళ్లు పారించారు. ఒక కుక్కకు అంతా మళ్లీ మొదటికొచ్చింది. కాబట్టి హాల్లో నేర్చింది ఆసుపత్రిలో పనిచేస్తుందనుకోకండి. వరండాలో, పక్కింట్లో, ఆసుపత్రి గేటు బయట, లోపలి తూకం మీద కూడా సాధన చేయించండి. సూది లేని రోజున ఊరికే వెళ్లి, తినిపించి తీసుకురండి. నిజంగా అత్యవసరమైతే తువ్వాలు చూపించకుండానే పట్టుకోండి. లేకపోతే ఆ తువ్వాలు మాట మీద నమ్మకం పోతుంది. కరుస్తుందన్న భయముంటే నోరు తెరవడానికి వీలుండే బుట్ట తరహా మూతికట్టు అలవాటు చేయండి. మరీ బెదిరే కుక్కకు ముందుగా మాత్ర ఇవ్వవచ్చేమో వైద్యుణ్ణి అడగండి, సొంతంగా వేయకండి.

ఇక నా సణుగుడు. ‘కుక్కకు నువ్వే యజమానివని చూపించు, అదిమి పట్టు’ అనే పెద్దలు ఇంకా ఉన్నారు. ఆ మాటకు మూలం, బోనులో కలిపి పెట్టిన తోడేళ్లు పెత్తనం కోసం పోట్లాడుకోవడాన్ని గమనించి 1947లో రుడాల్ఫ్ షెంకెల్ రాసిన రాతలు. తన పుస్తకంతో దాన్ని ప్రచారంలోకి తెచ్చిన డేవిడ్ మెక్ స్వయంగా 1999లో దాన్ని సవరించుకున్నాడు. మనవాళ్లకు మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు. దుర్గ్‌లోని కామధేను విశ్వవిద్యాలయం మొదలు తిరుపతి దాకా, ప్రతి పశువైద్య కళాశాలలోనూ సూది వేయడం నేర్పేముందు చెయ్యి వెనక్కి తీయడం నేర్పాలి. రద్దీ ఎక్కువ, తీరిక ఎక్కడిదంటారా? ఒప్పుకున్న కుక్కకు సూది వేయడానికి ఒక మనిషి చాలు. ఒప్పుకోనిదానికి ముగ్గురు కావాలి.