తాతగారి అంబాసిడర్ ట్రైలర్ ఎక్కితే... మీ మెకానిక్స్‌కి అసలు పరీక్ష

మాదాపూర్‌లో ఇంటర్వ్యూకి వెళ్లారనుకోండి. బోర్డులో ఒకాయన రెజ్యూమె పక్కనపెట్టి ఇలా అడిగారు: ‘వరంగల్‌లో మీ తాతగారి ఇంట్లో పాత అంబాసిడర్ ఉంది. ఇంజిన్ స్టార్ట్ కాదు. కొండాపూర్ దాకా ఎలా తెస్తారు?’ చాలామంది ‘టోయింగ్ వ్యాన్‌కి ఫోన్ చేస్తాం సార్’ అంటారు. తప్పేం లేదు. కానీ ఆ బండి వచ్చాక కారుని ఎక్కడ నిలపాలి, దేనికి కట్టాలి, ఎంత గట్టిగా కట్టాలి? అక్కడే ఫస్టియర్‌లో చదివిన ఇంజినీరింగ్ మెకానిక్స్ మొదలవుతుంది.

ఊరికే సరదాకి అడుగుతున్న ప్రశ్న కాదిది. హైటెక్ సిటీ ప్రాంతంలో హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. నానక్‌రామ్‌గూడలో జర్మన్ సంస్థ జెడ్‌ఎఫ్ టెక్నాలజీ సెంటర్ ఉంది. లారీలు, ట్రైలర్ల బ్రేకులకు పేరున్న వాబ్కోను 2020లో కొన్నది ఈ జెడ్‌ఎఫ్‌ సంస్థే. మెకానికల్ చదివినవాళ్లందరూ అమీర్‌పేటలో జావా నేర్చుకోవాల్సిందేనా అని అడిగేవాళ్లకి ఇదొక జవాబు. కోడింగ్ రావాలి, కాదనను. కానీ బండి ఎలా కదులుతుందో తెలిసి కోడ్ రాసేవాళ్లు తక్కువ.

తాడు ఎందుకు వద్దు?

ముందుగా తాడు సంగతి. పాడైన వాహనాన్ని దగ్గర్లోని గ్యారేజీ దాకా లాగడానికే నిబంధనలు ఒప్పుకొంటాయి. అదీ గంటకు 25 కి.మీ. మించకుండా, రెండు బండ్ల మధ్య 5 మీటర్ల కన్నా ఎక్కువ దూరం లేకుండా. వరంగల్ నుంచి ఘట్‌కేసర్ దగ్గర ఓఆర్‌ఆర్ ఎక్కి గచ్చిబౌలి వైపు రావాలంటే ఆ వేగంతో కుదిరే పనేనా? అక్కడ మీడియన్ పక్క లేన్లలో 120 కి.మీ. వేగంతో బండ్లు వెళ్తుంటాయి.

ముందు చక్రాలు పైకెత్తి వెనక చక్రాలపై లాక్కుపోయే పద్ధతి ఇంకో చిక్కు. అంబాసిడర్, పద్మిని రెండూ వెనక చక్రాలతో నడిచే కార్లు. వెనక చక్రాలు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరుగుతుంది, దాంతో గేర్‌బాక్స్‌లోని భాగాలూ తిరుగుతాయి. ఇంజిన్ ఆగి ఉంటే లోపల ఆయిల్ సరిగ్గా అందదు. పదేళ్లుగా కదలని గేర్‌బాక్స్‌ని అలా 150 కి.మీ. తిప్పితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కాబట్టి నాలుగు చక్రాలూ పైన ఉండాల్సిందే. ఫ్లాట్‌బెడ్ లారీ అయితే మేలు. మన దగ్గర తేలిగ్గా దొరికేది కూడా అదే. ట్రైలర్ తగిలించాలనుకుంటే మాత్రం లాగే బండి మాన్యువల్ తీసి చదవండి. కొన్ని కార్లకు ట్రైలర్ వద్దనే రాసి ఉంటుంది.

పది సెంటీమీటర్ల తేడా

ఇప్పుడు అసలు లెక్క. అంబాసిడర్ సుమారు 1,100 కిలోలు. ట్రైలర్ 600 కిలోలు అనుకుందాం. మొత్తం 1,700. ఇందులో 10 నుంచి 15 శాతం, అంటే 170 నుంచి 255 కిలోలు లాగే బండి హుక్ మీద పడాలన్నది అమెరికాలో పాటించే లెక్క. హుక్ సామర్థ్యం అంతకన్నా తక్కువైతే ఆ బండి ఈ పనికి పనికిరాదు, అంతే.

ఆ బరువు ఎందుకు కావాలి? కారుని ట్రైలర్ ఇరుసుకి వెనకగా నిలిపితే, ముందు భాగం పైకి లేవాలని చూస్తుంది. హుక్‌ని, దాంతోపాటు లాగే బండి వెనక భాగాన్ని పైకెత్తుతుంది. వెనక టైర్లకు పట్టు తగ్గుతుంది. ఇక పక్కనుంచి బస్సు దూసుకెళ్లినా, చిన్న గాలి తగిలినా ట్రైలర్ తోకలా ఊగుతుంది. తక్కువ వేగంలో ఆ ఊపు దానంతటదే ఆగిపోతుంది. ఒక వేగం దాటాక ఆగదు, పెరుగుతూనే పోతుంది. కంట్రోల్ సిస్టమ్స్‌లో డ్యాంపింగ్ నెగెటివ్ అయితే అని చదివి, పరీక్ష అవ్వగానే మర్చిపోయారే, అదే ఇది!

హుక్ నుంచి ఇరుసుకి దూరం 3.5 మీటర్లు అనుకోండి. కారుని 10 సెంటీమీటర్లు ముందుకి జరిపితే హుక్ మీద బరువు ఎంత పెరుగుతుంది? 1,100 ఇంటూ 0.1, బై 3.5. దాదాపు 31 కిలోలు. జానెడు కూడా లేని దూరానికి అంత తేడా. అందుకే ఇంజిన్ ఉన్న వైపు ముందుకి వచ్చేలా కారుని ఎక్కించాలి. తర్వాత ధర్మకాంటకి తీసుకెళ్లండి. ట్రైలర్‌ని విడదీసి, ముందు జాకీ చక్రంతో సహా మొత్తం తూకం వేయించండి. మళ్లీ బండికి తగిలించి, ట్రైలర్ చక్రాలు మాత్రమే కాంటా మీద ఉంచి తూయించండి. రెండింటి తేడాయే హుక్ మీద పడే బరువు.

దేనికి కట్టాలి?

సడన్ బ్రేక్ వేస్తే కారు ముందుకి దూకాలని చూస్తుంది. ఆ బలం కారు బరువులో 80 శాతం దాకా ఉంటుందని లెక్కేసుకోవడం మంచిది. అంటే 880 కిలోలు. దీన్ని ఆపేది కారు వెనక నుంచి ట్రైలర్ వెనక వైపుకి లాగి కట్టిన రెండు పట్టీలు. ఒక్కోదానికి 440 అనుకుంటే పొరపాటు. పట్టీ 45 డిగ్రీల్లో కిందికి దిగితే ఒక్కోదానిపై 622 కిలోల లాగుడు పడుతుంది. 30 డిగ్రీలకి తగ్గిస్తే 508. పట్టీ పొడవుగా, నేలబారుగా ఉంటే మేలని మెకానిక్ అన్నలు అనుభవంతో చెప్పేదాన్ని మీరు కొసైన్‌తో చెబుతారు. కొనేటప్పుడు లేబుల్ మీద తెగిపోయే బరువు చూసి మురిసిపోకండి. వర్కింగ్ లోడ్ లిమిట్ చూడండి.

ఇక పాత కారుకే ప్రత్యేకమైన సమస్య తుప్పు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కి బాడీ కింద విడిగా ఛాసిస్ ఫ్రేమ్ ఉంటుంది. అంబాసిడర్‌కి అలా లేదు, బాడీయే ఛాసిస్. ఫ్లోర్ తుప్పు పట్టి ఉంటే హుక్ తగిలించిన ముక్క ఊడి చేతికొస్తుంది. బంపర్‌కి కట్టడం అసలు వద్దు. అన్నిటికన్నా మంచిది టైర్ల మీదుగా వేసే వీల్ స్ట్రాప్‌లు. అప్పుడు సస్పెన్షన్ ఆడినా పట్టీ వదులవదు. వెనక యాక్సిల్‌కి కట్టక తప్పకపోతే, దాని మీద సన్నటి బ్రేక్ పైపు ఉంటుంది, పట్టీ దాన్ని నొక్కకుండా చూడండి.

పాత హ్యాండ్‌బ్రేక్‌ని నమ్మకండి. గేర్‌లో వేసి, చక్రాలకి చెక్క దిమ్మలు పెట్టండి. విన్చ్‌తో ఎక్కించేటప్పుడు ఆ వైరుకి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, తెగితే కొరడాలా కొడుతుంది. కారు కవర్ కప్పితే అందంగా ఉంటుంది గానీ, గాలికి కొట్టుకుని పెయింట్‌ని గీకేస్తుంది.

బయల్దేరిన 10, 15 కి.మీ. తర్వాత ఆగి పట్టీలు మళ్లీ బిగించాలి. టైర్లు సర్దుకుని కొంత వదులవుతాయి. రెండోసారి ఓఆర్‌ఆర్ ఎక్కకముందే, ఘట్‌కేసర్ దగ్గర చూసుకోండి. ఓఆర్‌ఆర్ పక్కన ఆగి చూద్దామనుకోవడం ప్రాణాలతో ఆట. ఊగడం మొదలైతే బ్రేక్ మీద గట్టిగా కాలు వేయొద్దు, స్టీరింగ్ అటూఇటూ తిప్పొద్దు. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, స్టీరింగ్ నిటారుగా పట్టుకోండి.

కాగితాల మాటా ఒకటుంది. మొదటిసారి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని కార్లకు 2021 నుంచి ‘వీఏ’ సిరీస్ నంబర్ ఇస్తున్నారు. కొత్తగా తీసుకోవాలంటే ఫీజు రూ.20,000. ర్యాలీలకీ, ప్రదర్శనలకీ తీసుకెళ్లొచ్చు గానీ రోజూ ఆఫీసుకి తిప్పడం కుదరదు.

ఈ లెక్కని రెజ్యూమెలో ఎలా పెట్టాలంటారా? అరడుగు చెక్కతో చిన్న ట్రైలర్ చేసి, మీద జరపడానికి వీలైన బరువు పెట్టండి. బొమ్మ కారుకి తగిలించి, ఆ కారుని ముందు నుంచి దారంతో పట్టుకుని ట్రెడ్‌మిల్ మీద నడపండి. బరువుని వెనక్కి జరుపుతూ ఏ వేగంలో ఊగుతుందో రాసుకుని, పైథాన్‌లో చేసిన సిమ్యులేషన్‌తో పోల్చండి. రెండూ ఎక్కడ కలవలేదో, ఎందుకు కలవలేదో కూడా రాయండి. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడేది దాని గురించే. ట్రెడ్‌మిల్ లేదంటారా? హాస్టల్ దగ్గరి జిమ్‌లో అడగండి. మధ్యాహ్నం పూట ఖాళీగానే ఉంటుంది.