కళ్ళ ముందు సాలు, వీపు వెనుక ఇంజను
కలుపుతీతకు పుట్టిన చిన్న ట్రాక్టరు మన చెలకలకు ఎందుకు రాలేదు?

నాగారం: ఈ వూళ్ళో ట్రాక్టర్లకు కొదువ లేదు. పొద్దున లేస్తే వీధిలో రెండు మూడు ఎదురవుతాయి. అయితే వాటి వెనుక నాగలి వుండదు. నీళ్ళ ట్యాంకరో, ఇసుక ట్రాలీయో వుంటుంది. ఒకప్పుడు హైదరాబాదు జిల్లాలో, 1978 తరువాత రంగారెడ్డి జిల్లాలో, 2016 నుంచి మేడ్చల్ జిల్లాలో లెక్కకు వచ్చిన నాగారం 2018లో మునిసిపాలిటీ అయింది. ఖుష్కీ పొలాలు ప్లాట్లయినాయి. కీసర, ఘట్‌కేసర్ దిక్కున కూరగాయలు పండించే రెండెకరాల, మూడెకరాల రైతుకు మాత్రం పాత చిక్కు అట్లాగే వున్నది. దుక్కికి ట్రాక్టరు దొరుకుతుంది, మొలక వచ్చిన తరువాత కలుపుకు ఏమి దొరుకుతుంది?

ఇటు ఎర్ర చెలక నేలలు. వానకు జొన్న, ఆముదం, కంది. బావి వున్న చోట వరి, టమాటా, వంకాయ, మక్క. పట్నం చుట్టూ పందిళ్ళ మీద అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష కాసిన కాలం కూడా పెద్దలకు గుర్తే. పంట ఏదైనా దుక్కి ఒక్కసారి, కలుపు మాత్రం రెండు మూడు సార్లు. ఆ పనిని దౌర చేసేది. జత ఎడ్లు సాళ్ళ నడుమ నడుస్తుంటే, వెనుక రైతు మేడి పట్టుకొని, ఇనుప పాస మీదనే చూపు నిలిపి నడిచేవాడు. మొక్క వైపు బెత్తెడు జరిగితే మేడిని ఇవతలకు వంచేవాడు. పనిముట్టు కళ్ళ ముందు వుండేది గనుక చెయ్యి వెంటనే కదిలేది.

ఆ నడక ఎంతో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. నాగలి చాలు 15 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే ఎకరం దున్నడానికి మనిషి, ఎడ్లు 27 కిలోమీటర్లు నడవాలి. నాగారం నుంచి చార్మినారుకు ఒకసారి పోవడం కంటే తక్కువేమీ కాదు. సాళ్ళ నడుమ 60 సెంటీమీటర్లు వున్న పైరులో దౌర తోలితే 6.7 కిలోమీటర్లు. అదీ పంటకు రెండు మూడు మార్లు. ఎడ్లను మేపే భారం మోయలేక రైతు వాటిని అమ్ముకున్న తరువాత ఈ నడక కూలీల చేతికి, కొడవలికి వచ్చింది. కూలి గిట్టక కలుపు మందుకు వచ్చింది.

మెడ తిప్పితే మీటరు పాయె

పెద్ద ట్రాక్టరు ఈ పనికి ఎందుకు రాదు? వెడల్పు ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం దాని ఒడ్డుపొడుగులలో కాదు, అమరికలో వున్నది. ఇంజను ముందర, డ్రైవరు నడుమ, పనిముట్టు వెనుక. ముందు చూస్తే బానెట్టు కనబడుతుంది, మొక్క కనబడదు. పాస ఎక్కడ పోతున్నదో చూడాలంటే మెడ వెనక్కు తిప్పాలి. గంటకు నాలుగు కిలోమీటర్లు అంటే నిదానపు నడక. ఆ వేగంలోనూ ఒక్క సెకనుకు మీటరుకు పైగా బండి పోతుంది. వెనక్కు తిరిగి చూసి, తప్పు గమనించి, స్టీరింగు తిప్పేలోగా రెండు మూడు మీటర్ల సాలు మొదలంటా తెగిపోతుంది. దున్నడంలో ఇది లెక్కకు రాదు, బీడులో గీత కొంచెం వంకర పోయినా నష్టం లేదు. నిలిచిన పైరులో ప్రతి వంకరకు మొక్కలు మూల్యం చెల్లిస్తాయి.

ఈ తిరకాసును విప్పిన యంత్రం ఒకటి 1948లో అమెరికాలో వచ్చింది. అలిస్ చామర్స్ కంపెనీ అలబామా రాష్ట్రంలోని గాడ్స్‌డెన్ ఫ్యాక్టరీలో తయారు చేసిన ‘మోడల్ జి’ అది. పది హార్స్‌పవర్, నాలుగు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజను. ఆ ఇంజనును తెచ్చి డ్రైవరు వీపు వెనుక, వెనుక చక్రాల దగ్గర పెట్టారు. ముందు చక్రాలకూ సీటుకూ నడుమ వున్నవి విల్లులాగా వంగిన రెండు ఇనుప గొట్టాలే. ఆ గొట్టాల కింద, రైతు మోకాళ్ళ ముందర, పాసలను గాని విత్తే పెట్టెలను గాని బిగిస్తారు. కూర్చున్న చోటి నుంచే మొక్క, పాస రెండూ ఒకే చూపులో పడతాయి. మన రైతు దౌర వెనుక నిలబడి ఏమి చూసేవాడో దీని మీద కూర్చున్నవాడూ అదే చూస్తాడు. మనిషి నడక కంటే మెల్లగా పోయే ప్రత్యేక గేరు ఒకటి దీనికి వున్నది. లేత క్యారెట్టు, ఉల్లి సాళ్ళలో తొందర పనికిరాదు.

చక్రాల నడుమ ఎడాన్ని 36 అంగుళాల నుంచి 64 అంగుళాల వరకు మార్చుకోవచ్చు. 1955లో తయారీ ఆగేసరికి దాదాపు 30 వేల బండ్లు బయటికి వచ్చాయి. డెబ్బయి యేళ్ళు దాటినా అమెరికాలో చిన్న కూరగాయల తోటల వాళ్ళు వీటిని వెతికి కొంటున్నారు. పాత ఇంజను తీసేసి ఆ చోట కరెంటు మోటారు, బ్యాటరీలు పెట్టుకున్నవారూ వున్నారు. వెనుక బరువు కావలసిన బండికి బ్యాటరీ బరువు అడ్డం కాలేదు.

దీన్ని చూసి మురిసిపోతే సరిపోదు. పది హార్స్‌పవర్‌తో మన ఎండాకాలపు చెలక పగలదు. రాళ్ళున్న నేలలో దున్నబోయి నాగలి ఒక బండకో వేరుకో తట్టుకుంటే, వెనుక బరువు, ముందు తేలిక గల బండి ముందు కాళ్ళు లేపుతుంది. ఏ ట్రాక్టరుకైనా వున్న ప్రమాదమే ఇది, ముందు తేలిక వున్నప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. ఇది దుక్కి బండి కాదు, కలుపు బండి. ఆ తేడా తెలియక కొన్నవాడు ఏ దేశంలోనైనా నష్టపోతాడు.

జర్మనీ నుంచి ఒకటి, హైదరాబాదు నుంచి ఒకటి

ఇంజను వెనుక పెట్టిన ట్రాక్టరు మన దేశం ముఖం చూడలేదని కాదు. తూర్పు జర్మనీలో ఎల్బ్ నది ఒడ్డున వున్న షోనెబెక్ ఫ్యాక్టరీ 1950లలో ఆర్.ఎస్. 09 అనే బండిని తయారు చేసింది. ఇంజను, సీటు వెనుక. ముందు ఒకే ఒక లావు దూలం. ఆ దూలానికి పనిముట్లు తగిలిస్తారు. 1960ల చివర సోవియట్, చెక్, పోలిష్ ట్రాక్టర్లతో పాటు ఇవి కూడా మన దేశానికి దిగుమతి అయ్యాయి. విదేశీ మారక ద్రవ్యానికి కటకటగా వున్న రోజులవి. బండి ఓడ దిగడం ఒక ఎత్తు, దాని వెంట విడిభాగం, మెకానిక్కు దిగడం మరొక ఎత్తు. మన గ్రామాలలో చివరికి నిలిచింది ఇంజను ముందున్న సాధారణ ట్రాక్టరే. 1974లో పంజాబులో ‘స్వరాజ్’ వచ్చినా, అంతకు ముందు పింజోరులో హెచ్.ఎం.టి. ‘జీటర్’ మొదలయినా, అవన్నీ ఆ కోవలోవే.

చిన్న రైతు పేరు మీద వచ్చినది పవర్ టిల్లరు. జపాను నుంచి 1963లో మొదటిసారి మన దేశానికి వచ్చింది. తరువాత ఇక్కడే తయారు చేసిన కొద్ది కంపెనీలలో హైదరాబాదుది కూడా ఒకటి. కృషి ఇంజన్స్ అనే సంస్థ ‘కృషి’ పేరుతోనే టిల్లరును అమ్మింది. టిల్లరు వెనుక నడిచే రైతుకు పనిముట్టు కళ్ళ ముందే వుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. వరి మడిలో కరిగెట చేయడానికి దానికి సాటి లేదు. ఎండిన చెలకలోకి తెస్తే వేరే కథ. రాళ్ళకు పళ్ళు అరుగుతాయి, చేతులు అదురుతాయి. 60 సెంటీమీటర్ల పట్టున ఎకరం తిరిగితే దౌర నడిచిన అదే 6.7 కిలోమీటర్ల నడక తప్పదు. ఎడ్లకు బదులు ఇంజను వచ్చింది, కాళ్ళకు విశ్రాంతి రాలేదు.

పట్నానికి అవతలి దిక్కున, పటాన్‌చెరులో, 1972లో వెలసిన ఇక్రిశాట్ కూడా ఈ పనికి పూనుకున్నది. ఫ్రాన్సు ఇంజనీరు జాన్ నోల్ రూపొందించిన ‘ట్రాపికల్టర్’ అనే చక్రాల బండిని ఎడ్లకు కట్టి, దున్నడం, విత్తడం, కలుపు అన్నీ దానితోనే చేయించారు. రైతు కూర్చొని తోలవచ్చు. నల్లరేగడిలో వెడల్పు మడులు, కాలువలు తీసి సాగు చేసే పద్ధతికి అది బాగా కుదిరింది. కాని ధర మామూలు నాగలి, గుంటుకలకు ఎన్నో రెట్లు. రైతులు ముందుకు రాలేదు. వివిధ దేశాలలో ఇలాంటి బండ్ల గతిని పరిశీలించిన పాల్ స్టార్కీ 1988లో ఒక పుస్తకమే రాశాడు. యంత్రంగా తీర్చిదిద్దారు, రైతు మాత్రం వద్దన్నాడన్నది ఆయన తేల్చిన సంగతి. యంత్రం మంచిదయితే చాలదు, ఎన్ని ఎకరాల మీద దాని ఖర్చు పంచుకోగలమన్నదే అసలు ప్రశ్న. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం ఒక్క హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. ఆ పట్టాదారుకు ఏ ట్రాక్టరయినా సొంతంగా కొనడం అప్పుకు దారే. పదిమంది కలిసి కొన్నప్పుడో, అద్దెకు తిప్పినప్పుడో గాని అది గిట్టదు.

మోడల్ జి పోలికలో 2016లో ఇంకొక ప్రయత్నం జరిగింది. క్యూబాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన సాల్ బెరెంతాల్, ఆయన భాగస్వామి హొరేస్ క్లెమ్మన్స్ ‘ఓగున్’ అనే చిన్న ట్రాక్టరు తయారు చేశారు. ఇంజను వెనుకనే. బజారులో దొరికే భాగాలతో, వూరి వర్క్‌షాపులో బాగు చేసుకొనే విధంగా వుండాలన్నది వారి పట్టుదల. క్యూబాలో ఫ్యాక్టరీకి అమెరికా ప్రభుత్వం అనుమతించింది, క్యూబా ఒప్పుకోలేదు. వారు అలబామాలోనే తయారీ సాగించారు. వెల్డింగు మిషను, లేత్ మిషను లేని సందు దొరకని నాచారం, చర్లపల్లి వంటి చోట్ల ఈ గొట్టాల చట్రం చేయడం ఎవరికీ కొరుకుడు పడని పని కాదు. చేసినవాడికి గిరాకీ వుంటుందా అన్నదే సందేహం.

ప్రస్తుతం మన రైతుకు చేతికందేవి పదిహేను, ఇరవై హార్స్‌పవర్ మినీ ట్రాక్టర్లు. వీటికీ ఇంజను ముందే. అయినా బానెట్టు సన్నం, బండి సన్నం. కలుపుకు వాడదలచినవారు బండి బేరమాడే ముందు టేపు పట్టుకొని పొలానికి పోవాలి. సాళ్ళ నడుమ 60 సెంటీమీటర్లు వుండి, రెండు సాళ్ళను చక్రాల నడుమ వుంచి తోలాలంటే చక్రాల మధ్య నుంచి మధ్యకు 120 సెంటీమీటర్లు కావాలి. సాళ్ళు 75 అయితే 150. ఒక్క సాలునే నడుమ వుంచుకుంటే 75 చాలు. బండికి ఆ కొలతలు కుదరకపోతే సాళ్ళనే బండికి తగినట్టు వేసుకోవాలి, మొలిచిన తరువాత చేయగలిగింది ఏమీ లేదు.

ఇంకొక కిటుకు విత్తేనాడే వున్నది. రెండు సాళ్ళ గొర్రుతో విత్తిన చేనులో రెండు సాళ్ళ పాసతోనే కలుపు తీయాలి, అదీ గొర్రు పోయిన జాడలోనే. గొర్రు ఒక తూరి పోయి, మళ్ళీ తిరిగి వచ్చిన చోట రెండు తూర్ల నడుమ ఎడం ఎప్పుడూ చేతి అంచనాయే. ఒకచోట బెత్తెడు ఎక్కువ, ఒకచోట తక్కువ. మూడు సాళ్ళ పాస దించితే ఆ అంచనా సాలు దగ్గరే మొక్కలు తెగుతాయి. చేను చివర బండి తిరగడానికి నాలుగు గజాల జాగా వదిలి, పొలమంతా అయిన తరువాత ఆ చివరను అడ్డంగా విత్తుకుంటే బండి తిరిగేటప్పుడు నలిగేవి ఆ చివరి మొక్కలే.